చదివి వినిపిస్తే చాలునా?

దానములు నాలుగని పెద్దలు చెప్పారు: ఆహారదానము, ఔషధదానము, శాస్త్రదానము, అభయదానము. వీటిలో మొదటి రెండింటికి మన వర్తక కుటుంబాలలో లోటు లేదు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టడము, ఊళ్లలో కంటి శిబిరాలు పెట్టించి పొరలు తీయించడము మనకు అలవాటైన పనులే. శాస్త్రదానమును కూడా మనము మరువలేదు. పర్యూషణ దినాలలోనో, ఇంట్లో శుభకార్యము జరిగినప్పుడో ఒక చిన్న గ్రంథము అచ్చు వేయించి పదిమందికి పంచిపెట్టే ఆచారము ఇప్పటికీ ఉన్నది.

అయితే పంచేవారు ఆలోచించవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ గ్రంథము చూపులేనివాని చేతిలో పడితే ఆ దానము ఏమవుతుంది? అతనికి అది కొంత బరువు కాగితము మాత్రమే. "ఎవరైనా చదివి వినిపిస్తారు లెండి" అని మనము సమాధానపడతాము. ఇప్పుడైతే "ఫోనే చదివి పెడుతుంది" అని కూడా అంటాము. వినిపిస్తే చాలునా? లేక అక్షరమునే అతని చేతికి అందించవలెనా? మొదట ఇది సదుపాయాలకు సంబంధించిన ప్రశ్నలాగా కనిపిస్తుంది. కాస్త లోతుకు పోతే ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న అని తెలుస్తుంది.

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో కురుడుమలె అనే ఊరున్నది. పదమూడున్నర అడుగుల ఏకశిలా గణపతి విగ్రహము వల్ల ఆ ఊరు ప్రసిద్ధికెక్కింది. కన్నడములో కురుడు అంటే గుడ్డితనము, మలె అంటే కొండ. పేరు విన్న కొత్తవాడు ఇది గుడ్డివారి కొండ కాబోలు అనుకొంటాడు. స్థానికులు చెప్పే కథ వేరు. దేవతలు కూడిన కొండ గనుక కూటాద్రి, కూడుమలె అనేవారనీ, అదే వాడుకలో కురుడుమలె అయినదనీ వారంటారు. ఆ కథ ఎంతవరకు చరిత్రయో మనకిక్కడ అవసరము లేదు. నోటినుండి చెవికి, చెవినుండి మరొక నోటికి పోయే మాట ఎట్లా రూపు మారుతుందో చూడడానికి ఈ పేరు చాలును. కూడిక అనే అర్థము జారిపోయి గుడ్డితనము అనే అర్థము వచ్చి కూర్చున్నది. చెవిని మాత్రమే నమ్ముకొన్న విద్యకు ఈ ప్రమాదము ఎప్పుడూ ఉంటుంది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ రావచ్చును. మన శాస్త్రజ్ఞానానికి పేరే శ్రుతము గదా! శ్రుతమంటే వినబడినది. గణధరులు విన్నారు, శిష్యులకు వినిపించారు, తరతరాలు అట్లాగే గడిచాయి. అటువంటి సంప్రదాయములో వినడాన్ని తక్కువ చేయడము తగునా? పైగా పండిత సుఖలాల్ సంఘవీ గారి ఉదాహరణ మన కళ్లెదుట ఉన్నది. 1880లో గుజరాతులో వర్తక కుటుంబములో పుట్టిన ఆయనకు పదహారో ఏట మశూచి వచ్చి రెండు కళ్లూ పోయాయి. ఆ తరువాత కాశీకి పోయి సంస్కృత ప్రాకృతాలు, న్యాయము, దర్శనాలు అన్నీ వినికిడితోనే నేర్చుకొన్నారు. సిద్ధసేన దివాకరుని సన్మతితర్కమును బేచర్‌దాస్ దోశీ గారితో కలిసి పరిష్కరించారు. తత్త్వార్థసూత్రానికి వివరణ వ్రాశారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయములో ఆచార్యులయ్యారు. 1958లో సాహిత్య అకాడమీ బహుమతి, 1974లో పద్మభూషణ్ ఆయనకు వచ్చాయి. చెవితో ఇంతటి పాండిత్యము సాధ్యమైనప్పుడు ప్రత్యేకముగా చుక్కల లిపి ఎందుకు?

ఈ ఆక్షేపణకు మన పూర్వులే సమాధానము చెప్పి ఉన్నారు. కరువులు వచ్చాయి. కంఠస్థముగా ఉన్న శ్రుతము వృద్ధ మునులతోపాటు పోవడము మొదలైంది. అప్పుడు వారు "వినికిడి మన సంప్రదాయము, దానినే పట్టుకొని ఉందాము" అనలేదు. శ్వేతాంబర సంప్రదాయము ప్రకారము వీరనిర్వాణము తరువాత సుమారు 980 సంవత్సరాలకు దేవర్ధిగణి క్షమాశ్రమణుని ఆధ్వర్యములో వలభిలో ఆగమాలు గ్రంథస్థము అయినాయి. దిగంబర సంప్రదాయములో పుష్పదంత భూతబలి ఆచార్యులు షట్ఖండాగమమును వ్రాతలో పెట్టారు. ఆ మహాగ్రంథము, దాని ధవళా వ్యాఖ్య ఈ కన్నడ దేశములోనే మూడబిదిరెలో తాటాకులపై భద్రముగా నిలిచి మనదాకా వచ్చాయి. ఒకరు జ్ఞానపంచమి నాడు, మరొకరు శ్రుతపంచమి నాడు పుస్తకమునే పూజిస్తారు. వినడము పవిత్రమే గాని, నిలుపుకొనడానికి అక్షరము కావలెనని రెండు సంప్రదాయాలూ ఒప్పుకొన్నట్లే గదా! కళ్లున్న మునులకే అక్షరము అవసరమైనప్పుడు, కళ్లులేని బాలునికి అది అక్కరలేదని మనము ఎట్లా అనగలము?

సుఖలాల్‌జీ విషయము కూడా మరొకసారి చూడవలెను. ఆయన ప్రతిభ అసాధారణమైనది. ఆయన ప్రక్కన చదివేవారు, చెప్పినది వ్రాసుకొనేవారు ఉండేవారు. చదివేవాడు లేచిపోతే పుస్తకము మూతపడుతుంది. చదివేవాడు తొందరపడితే వినేవాడు కూడా తొందరపడవలెను. భారతీయ భాషలన్నిటికీ పొందికైన ఒకే చుక్కల లిపి 1951లో ఏర్పడేనాటికి ఆయన డెబ్బై ఏళ్లు దాటిన వృద్ధులు. చదువుకొనే వయసులో అది ఆయనకు దొరకనే లేదు. ఏటికి ఎదురీది ఒడ్డు చేరిన ఒక్కనిని చూపించి ఊరికి వంతెన అక్కరలేదనడము న్యాయము కాదు.

వ్యాపారము చేసేవారికి ఈ సంగతి ఇంకా సులభముగా తెలుస్తుంది. గుమాస్తా రాత్రి దుకాణము కట్టేముందు ఆనాటి జమ ఖర్చులు నోటితో చదివి వినిపించి పోతే ఏ షావుకారైనా ఊరుకొంటాడా? చిట్టా తన చేతికి రావలెను, ఖాతా తాను తిప్పి చూడవలెను. అనుమానము వచ్చిన పద్దు దగ్గర ఆగవలెను, వెనక్కి పోవలెను, రెండు పేజీలు ప్రక్కప్రక్కన పెట్టి సరిచూడవలెను. గుమాస్తా మీద అపనమ్మకము ఉండి ఇట్లా చేయడు. తన లెక్క తన చేతిలో ఉండడమే వర్తకుని స్వాతంత్ర్యము. దీపావళినాడు మనము పూజించేది వహీ పుస్తకమును. చూపులేనివానికి మాత్రము అతని జీవితమంతా ఇతరుల నోట వినిపించే లెక్కగా ఉండవలెననడము ఏమి న్యాయము? తల్లి వ్రాసిన ఉత్తరము, కోర్టు కాగితము, మందు సీసా మీద చీటీ, బ్యాంకు పద్దు, అన్నీ ఇంకొకరు విన్న తరువాతనే అతనికి వినబడతాయి. అతనికంటూ ఒక రహస్యము ఉండదు. అపరిగ్రహము మనము కోరి వదులుకొనేది. ఇతరులు మన చేతిలోనుండి ఒకటి తీసివేస్తే దానికి ఆ పేరు చెల్లదు.

ఈ చుక్కల లిపి పుట్టుక కూడా ఆలోచింపజేస్తుంది. లూయీ బ్రెయిలు 1809 జనవరి 4న ఫ్రాన్సులో కూవ్రే అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్ల వయసులో తోలు కుట్టే పనిముట్టుతో ఆడుకొంటుంటే అది కంటిలో గుచ్చుకొన్నది. విషము రెండో కంటికి కూడా ప్రాకి చూపు పూర్తిగా పోయింది. పారిస్ నగరములో అంధుల పాఠశాలలో చేరితే అక్కడ ఉబ్బెత్తు అచ్చులో పెద్ద పెద్ద ఫ్రెంచి అక్షరాలు తడిమి చదివించేవారు. చీకటిలో సైనికులు చదువుకొనడానికి బార్బియే అనే అధికారి కల్పించిన పన్నెండు చుక్కల పద్ధతి అతని దృష్టికి వచ్చింది. దానిని ఆరు చుక్కలకు కుదించి, పదిహేనేళ్ల వయసులోనే, 1824 నాటికి, తన లిపిని సిద్ధము చేశాడు. 1829లో దానిని ప్రకటించాడు. కాగితము మీద చుక్క పొడిచే పుల్ల కూడా ఆ జీనులు కుట్టే ఆరెవంటిదే!

తరువాత జరిగినది మరీ గమనించవలసినది. ఆ పాఠశాలలోనే 1840 తరువాత కొంతకాలము ఈ లిపిని నిషేధించారు. కళ్లున్న ఉపాధ్యాయులకు అది చదవరాదు. ఉబ్బెత్తు ఫ్రెంచి అక్షరాలయితే తమ కంటికి అందముగా కనిపిస్తాయి, చూడవచ్చిన పెద్దమనుషులకు కూడా అర్థమవుతాయి. పిల్లలు మాత్రము చాటుగా చుక్కలే వ్రాసుకొన్నారు, ఎందుకంటే ఆ ఉబ్బెత్తు అక్షరాలను తడిమి చదవడము కష్టము, తమ చేతితో వ్రాయడము ఇంకా కష్టము. బ్రెయిలు 1852లో చనిపోయాడు. ఫ్రాన్సులో ఆ లిపికి అధికార ముద్ర పడినది 1854లో. ఇచ్చేవాని సౌకర్యము చూసుకొని చేసే దానము పుచ్చుకొనేవానిని ఎట్లా బంధిస్తుందో చెప్పడానికి దీనికన్న మంచి దృష్టాంతము నాకు తెలియదు. మనము దానము చేసేటప్పుడు ఎవరి కంటితో చూస్తున్నాము అనేదే అసలు ప్రశ్న.

మన దేశములో అంధుల మొదటి పాఠశాల 1887లో అమృతసరములో వెలసింది. మైసూరులో 1901లోనే అంధులకు, బధిరులకు పాఠశాల ఏర్పడింది. అయితే ఒక్కొక్క ప్రాంతములో ఒక్కొక్క విధముగా చుక్కలు కూర్చుకొన్నారు. 1951లో భారతి బ్రెయిలు అనే ఉమ్మడి పద్ధతి కుదిరింది. ఆ సంవత్సరమే డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిలు ముద్రణాలయము మొదలయింది.

ఆ పద్ధతి మన కోలారు సీమకే చేసిపెట్టినట్లు ఉంటుంది. ఆరు చుక్కలు రెండు నిలువు వరుసలు. ఎడమ వరుస 1, 2, 3. కుడి వరుస 4, 5, 6. వీటి కూర్పులు 63. ఒకటో చుక్క ఒక్కటే అయితే అ. 1, 3 కలిస్తే క. 1, 2, 3 కలిస్తే ల. తెలుగు క అయినా, కన్నడ క అయినా, హిందీ క అయినా అవే చుక్కలు. ధ్వని ఒకటైతే గుర్తు ఒకటి. గుణింతపు గుర్తు పైనో ప్రక్కనో తగిలించరు. హల్లు తరువాత అచ్చును వరుసగా వ్రాస్తారు. ఒత్తులు అడుగుకు దిగవు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడము చదివే పిల్లలు ముళబాగిలు ప్రాంతములో ఎందరో ఉన్నారు. కళ్లున్న పిల్లవాడు రెండు లిపులు వేరువేరుగా దిద్దవలెను. వేలితో చదివే పిల్లవాడు ఒక్కసారి నేర్చుకొంటే రెండు భాషల పుస్తకాలకూ తలుపు తెరుచుకొంటుంది. మన గుజరాతీ మార్వాడీ ఇళ్ల పిల్లలకయితే మూడో భాషకు కూడా అవే చుక్కలు పనికివస్తాయి. మనుషులు లిపులతో కట్టుకొన్న గోడలు ఇక్కడ లేవు.

శాస్త్రదృష్టితో చూచినా ఇందులో ఒక అందమున్నది. ఇంద్రియాలలో మొదటిది స్పర్శనము. ఏకేంద్రియ జీవినుండి మనుష్యునివరకు సంసారి జీవులన్నిటికీ ఉన్నది అదొక్కటే. దర్శనాలను చెప్పేటప్పుడు కూడా చక్షుర్దర్శనమును, అచక్షుర్దర్శనమును వేరువేరుగా చెప్పారు. ఒకదానికి ఆవరణము పడితే రెండవదానికి పడినట్లు కాదు. కంటిమీద పడిన తెరను ఆత్మమీద పడిన తెరగా భావించడము మన అజ్ఞానమే. మూగ రాయిని తాకి తెలుసుకొనే ఆ మొదటి ఇంద్రియమే అభ్యాసము వల్ల అక్షరమును చదవగలిగే స్థితికి వస్తుంది. జీవుని శక్తి ఎంతటిదో ఇందులో కనబడుతుంది.

"ఇప్పుడు యంత్రాలు వచ్చాయి గదా" అనేవారికి కూడా సమాధానము చెప్పవలెను. నిజమే, వచ్చాయి. 1976లో అమెరికాలో కుర్జ్‌వైల్ అచ్చుపుస్తకమును గట్టిగా చదివే యంత్రమును చేసి చూపించాడు. అది బల్లంత పెద్దది. నేడు ఆ పని జేబులోని ఫోను చేస్తుంది. ఎన్‌వీడీఏ అనే ఉచిత సాధనము కంప్యూటరు తెరమీది మాటలను తెలుగులో కూడా చదివి వినిపిస్తుంది. 2016లో ప్రారంభమైన సుగమ్య పుస్తకాలయములో చూపులేనివారు వినగలిగే, తాకి చదవగలిగే రూపాలలో పుస్తకాలు దొరుకుతాయి. మచిలీపట్నము దగ్గర పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పదో తరగతి తరువాత సైన్సు చదవడానికి న్యాయస్థానమునకు పోయి అనుమతి సంపాదించి, అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ అనే పరిశ్రమను స్థాపించారు. వర్తకులమైన మనకు ఆయన కథ కొత్త గౌరవము నేర్పవలెను. ఇటువంటివారికి వినిపించే యంత్రాలు చేసిన మేలు ఎంత చెప్పినా తక్కువే.

అయినా చెవి చేయలేని పని ఒకటి ఉన్నది. వినే పిల్లవానికి మాట తెలుస్తుంది గాని మాటలోని అక్షరము తెలియదు. మన బజారు మాటలో శాంతి సాంతి అవుతుంది, కళ కల అవుతుంది. అట్లాగే విన్నవాడు తాను వ్రాయవలసివస్తే అట్లాగే వ్రాస్తాడు. లెక్కల్లో ఏ అంకె పైన ఉన్నదో, ఏది క్రింద ఉన్నదో చెవికి పట్టదు. పద్యములో పాదము ఎక్కడ విరిగిందో తెలియదు. కళ్లున్న పిల్లలకు ఫోను కథలు చెబుతున్నదని మనము వారికి ఓనమాలు మానిపించలేదే! మరి ఈ పిల్లలకు మాత్రము ఎందుకు మానిపించవలెను? యంత్రానికి చుక్కలతో పగ కూడా లేదు. చిన్న సూదులు పైకి లేచి దిగుతూ ఒక్కొక్క పంక్తినే వేలిక్రింద చూపించే పరికరాలు ఉన్నాయి. బెంగళూరులో థింకర్‌బెల్ సంస్థవారు యాని అనే పరికరము చేశారు. అది పిల్లవానికి తనంతట తానుగా బ్రెయిలు నేర్పుతుంది. ఆ నగరములోనే 1990లో మధు సింఘల్ గారు స్థాపించిన మిత్రజ్యోతి చుక్కల పుస్తకాలు, వినే పుస్తకాలు రెండూ తయారుచేస్తున్నది. వారు చెవికి, వేలికి మధ్య పోటీ పెట్టలేదు.

కొందరు మెల్లగా మరొక మాట అంటారు. అంధత్వము పూర్వకర్మఫలము, అనుభవించవలసినదే గదా అని. ఆ కర్మ అతనిది సరే. దానిని చూచి మనము చేసేది, చేయకపోయేది మన కర్మ. ఇతరుల జ్ఞానానికి అడ్డుపడడము, తెలిసినదానిని దాచడము, ఓర్వలేకపోవడము జ్ఞానావరణ కర్మబంధానికి కారణాలని తత్త్వార్థసూత్రము స్పష్టముగానే లెక్కపెట్టింది. ఎదుటివాని కర్మసిద్ధాంతమును మన సోమరితనానికి సాకుగా వాడుకోరాదు.

ఖర్చు సంగతి కూడా చెప్పుకొందాము. చుక్కల పుస్తకానికి దళసరి కాగితము కావలెను. ఒక చిన్న అచ్చుపుస్తకము అనేక సంపుటాలవుతుంది. అందువల్లనే అవి అరుదు. కంటి శిబిరములో చూపు వచ్చినవాడు మర్నాడే దాత ముఖము చూచి నవ్వుతాడు. ఎక్కడో ఒక బాలుడు వేలితో చదువుకొంటూ ఉంటే దాత పేరు కూడా అతనికి తెలియదు. రెండవదానికి ముందుకు వచ్చేవారు తక్కువ కావడానికి ఇదొక కారణము. ఫలము కనబడని దానమే గొప్పదని మనమే గదా చెప్పుకొంటాము!

డబ్బు ఖర్చులేని పనులు కూడా కొన్ని ఉన్నాయి. నేటి తెలుగు అచ్చుపని చాలావరకు యూనికోడ్ కాని పాత ఫాంట్లలో జరుగుతున్నది. ఆ ఫైలు కంటికి తెలుగుగా కనిపించినా చదివే యంత్రానికి అర్థములేని గుర్తుల గుంపు. అదే పాఠము యూనికోడ్‌లో ఉంటే యంత్రము దానిని వినిపించగలదు, చుక్కలలోకి మార్చగలదు కూడా. మనము అచ్చువేయించే ప్రతి గ్రంథానికి, ఇటువంటి సంచికకు కూడా, యూనికోడ్ ప్రతి ఒకటి ఉంచితే చాలును. చట్టము కూడా అడ్డు రాదు. మన దేశములో 2012 నాటి గ్రంథస్వామ్య సవరణ అంధులకోసము ప్రతులు తయారుచేయడానికి దారి ఇచ్చింది. 2013లో మర్రాకెష్ ఒడంబడిక కుదిరితే, దానిని ప్రపంచములో మొదట ధ్రువీకరించిన దేశము మనదే, 2014లో.

దుకాణము గల్లా దగ్గర కూడా ఈ ధర్మానికి చోటున్నది. ఇప్పటి నూరు రూపాయల నోటుపై ఉబ్బెత్తు త్రికోణము, అంచున నాలుగు గీతలు ఉంటాయి. ఐదువందల నోటుపై వృత్తము, ఐదు గీతలు. చూపులేనివారు తడిమి గుర్తుపట్టడానికి పెట్టినవి అవి. చేతులు మారి నలిగిన నోటులో ఆ ఉబ్బు అణిగిపోతుంది. రిజర్వు బ్యాంకు 2020లో నోటును గుర్తించి చెప్పే మణి అనే సాధనమును ఫోనుకోసము ఇచ్చింది. అది లేనివాడు మన మాటనే నమ్ముకొని చేయి చాపుతాడు. ముళబాగిలు, కోలారు, రాబర్ట్‌సన్‌పేట బజార్లలో గల్లా దగ్గర కూర్చునేవారు కొత్త నోట్లు ఏరి అతని చేతికిచ్చి, తడిమి చూసుకొనేదాకా ఆగితే, అది అచౌర్యవ్రతములో భాగమే.

చదివి వినిపించడము మంచి పనే. ఆ ఓపిక ఉన్నవారు దానిని మానవద్దు. మనము ఇంటికి పోయిన తరువాత కూడా అతని పుస్తకము తెరిచి ఉండవలెనంటే మాత్రము అక్షరము అతని వేలిక్రింద ఉండవలెను. అన్నము ఆ పూటకు, మందు ఆ రోగానికి సరిపోతుంది. అక్షరము ఒకసారి ఇస్తే మళ్లీ మనలను అడగవలసిన పని అతనికి ఉండదు. పుచ్చుకొన్నవాడు తిరిగి చేయి చాపనక్కరలేకుండా చేసే దానమును మించిన దానము మరొకటి ఏమున్నది?